కుర్చీ ఎత్తు మార్చరాదు

జూన్ 18

బావగారికి,

అక్క ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు మీరు బోర్లా పడుకుని నేల వైపు చూస్తుంటారు కాబట్టి, నా నమస్కారం నేలమీదే పెట్టాననుకుని అందుకోండి. కంటి ఆపరేషన్ అయ్యాక మూడు వారాలు ముఖం కిందికే ఉంచాలన్నారట కదా. ముప్పై ఏళ్లు స్టేషన్ మాస్టరుగా తలెత్తుకు తిరిగిన మనిషికి ఎంత కష్టమొచ్చింది.

ఫోన్ చేద్దామంటే మీరు పెట్టిన తొమ్మిదో నిబంధన అడ్డొచ్చింది. క్లబ్బు విషయాలు ఫోన్లో మాట్లాడితే మాట్లాడినట్టు కాదు, కాగితం మీద ఉంటేనే ఉన్నట్టు. పైగా ఫోనెత్తితే మీరు రెండో ప్లాట్‌ఫారం దాకా వినబడేలా అరుస్తారు. కుట్లకి అది మంచిది కాదని అక్క భయం.

ఇక మన కంప్యూటర్ వాడకందార్ల క్లబ్బు సమాచారం. పదకొండు కంప్యూటర్లలో తొమ్మిది పనిచేస్తున్నాయి. పదోది తెరవడానికి అరగంట తీసుకుంటోంది. పదకొండోది మీరున్నప్పుడూ పనిచేసింది లేదు. ప్రింటరు కాగితాలు మింగుతోంది గానీ కక్కడం లేదు. గోడ గడియారం ఆగిపోయింది. ఆదివారం ఆదివారం దానికి కీ ఇచ్చేది మీరని అది ఆగాకే అందరికీ తెలిసింది. మీ కుర్చీ జోలికి ఎవరూ వెళ్లలేదు. వీపు వెనక మీరు అంటించిన 'కుర్చీ ఎత్తు మార్చరాదు' అన్న కాగితం చెక్కుచెదరలేదు.

అసలు సంగతి ఇప్పుడు. మీరు ఊరెళ్లే ముందు పది సోమవారాలకి పది మెయిళ్లు రాసి కంప్యూటర్లో పెట్టి వెళ్లారు కదా. అది వారం వారం పొద్దున్న తొమ్మిదింటికి ఠంచనుగా సభ్యులందరికీ పంపుతోంది. మొదటిది వైరస్‌ల గురించి. రెండోది కీబోర్డు పక్కన టీ గ్లాసు పెట్టేవాళ్ల గురించి. మొన్న సోమవారం వచ్చింది మాత్రం అధ్యక్ష పదవికి మీ రాజీనామా.

ఏటా వార్షిక సమావేశంలో మీరు చదివే రాజీనామానే, అక్షరం మారలేదు. మీరది చదవడం, మేం లేచి బతిమాలడం, మీరు టీ తాగి వెనక్కి తీసుకోవడం పందొమ్మిదేళ్లుగా మామూలే. ఈసారి చదవడానికి మీరు లేరు, టీ తాగడానికీ లేరు. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా వెనక్కి తీసుకోని రాజీనామా ఆమోదించినట్టేనని మూడో నిబంధన. అదీ మీరు పెట్టిందే. కాబట్టి ఏం చెయ్యమంటారో వెంటనే రాయించండి.

మీ మరదలు
(కార్యదర్శి హోదాలో కూడా)


జూన్ 23

మరదలికి ఆశీస్సులు.

ఇది మీ అక్క చేత రాయిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చింది. నా ఆరోగ్యం బాగానే ఉంది. రెండో కన్ను మొదటినుంచీ అంతంతమాత్రం కాబట్టి దానికి కనబడేది నేల ఒక్కటే. ఈ అద్దెగదిలో నూట నలభై నాలుగు పలకలున్నాయి. ఒకటి పగిలింది. ఇంటావిడకి చెప్పాను, ఆవిడకే తెలియదట.

నీ ఉత్తరం మీ అక్క చదివి వినిపించింది. గడియారం ఆగిందని రాసి, కుర్చీ భద్రంగా ఉందని రాసి, అక్కడితో ముగించేశావు. ఇదేనా ఒక కార్యదర్శి రాయవలసిన నివేదిక? ప్రింటరుకి ఎడమవైపు అరచేత్తో ఒక్కటి ఇవ్వాలి, రెండు ఇవ్వకూడదు. ఇంతకీ నా సోమవారం మెయిళ్లు చదివి సభ్యులు ఏమంటున్నారు? ముఖ్యంగా మూడో వారంది చదివాక కొంచెం కలత పడి ఉండాలే. నిన్న నాలుగోది వెళ్లుంటుంది, దాంతో కుదుటపడి ఉంటారనుకో. అయినా ఎవరెవరు ఏమేమన్నారో, ఎవరి గొంతు గద్గదమైందో వివరంగా రాయి. ఇక్కడ నాకు వినడం తప్ప వేరే పని లేదు.

మీ బావ

చెల్లీ, ఇక్కణ్ణించి నా మాటలు. ఆయనకి కనబడదు కదా, ధైర్యంగా రాస్తున్నాను. నువ్వు రాసిన రాజీనామా సంగతి ఆయనకి చదవలేదు. బీపీ పెరిగితే కంటికే ప్రమాదమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. కుర్చీ భద్రంగా ఉందన్నచోట ఆపేసి "ఇట్లు మీ మరదలు" అనేశాను. అది ఏ పాత ఫైలో పొరపాటున వెళ్లుంటుంది పాపం. మీరే ఎలాగో సర్దుకోండి. ఆయనకి మాత్రం తెలియనివ్వకు.

అక్క


జూన్ 27

అక్కా, రెండు కాగితాలు పెడుతున్నాను. పైది బావకి చదువు. కిందది నువ్వు చదువుకుని చించెయ్యి.

పై కాగితం:

బావగారికి నమస్కారం. పలకల లెక్క విని సంతోషించాను. ప్రింటరుకి మీరు చెప్పినట్టే ఒక్కటి ఇచ్చాం. మార్చిలో మింగిన కాగితం కూడా బయటికి వచ్చింది. క్లబ్బులో అందరూ మీ గురించే మాట్లాడుకుంటున్నారు. ఇంతమంది ఇంతసేపు మీ గురించి మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీ మరదలు.

కింది కాగితం:

అక్కా, పైన రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మాట్లాడుకునేది కుర్చీలో ఎవరు కూర్చోవాలని, అంతే. పదిహేను రోజులు ముప్పయ్యో తారీఖుతో సరి. వెనక్కి తీసుకుంటున్నట్టు బావ ఒక్క ముక్క రాయకపోతే జూలై అయిదో తారీఖు ఆదివారం ఎన్నిక.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు బేకరీ ఆయన. వచ్చినప్పుడల్లా బిస్కెట్ల పొట్లం తెచ్చి అందరికీ పంచుతున్నాడు. నాలుగు కీబోర్డుల్లో మీటలు నొక్కితే కరకరమంటున్నాయి. రెండోవారు డ్రిల్లు మాస్టారు. ఆయన అప్పుడే గెలిచేసినట్టు విజిలు వేసి అందరిచేతా కంప్యూటర్లు ఒకేసారి మూయిస్తున్నాడు. వెనకబడినవాళ్లు మళ్లీ తెరిచి మళ్లీ మూయాలి. పదో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఏడు దాటితే గానీ ఇంటికి పోలేకపోతున్నారు.

నువ్వు బావకి చెబితే ఆయన కన్ను, చెప్పకపోతే ఆయన కుర్చీ. ఏది కాపాడాలో నీ ఇష్టం. నేనైతే ఏమీ చెప్పలేను.

నీ చెల్లి


జూలై 4

మరదలికి,

మూడు వారాలూ పూర్తయ్యాయి. నన్ను లేపి కూర్చోబెట్టారు. కట్టు ఇంకా ఉంది, చదవడం రాయడం ఇంకో వారం దాకా కుదరదు.

నువ్వు చెప్పిన కబురు నాకు మందుకన్నా ఎక్కువ పనిచేసింది. అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారా? నాకు తెలుసు. మనుషులు ఎదురుగా ఉన్నప్పుడు బయటపడరు. నా మాటగా వాళ్లకి చెప్పు: ఇకమీదట వార్షిక సమావేశంలో రాజీనామా అనే మాటే ఎత్తను. పాపం, తట్టుకోలేకపోతున్నారు. వచ్చాక బేకరీ ఆయన్ని ఉపాధ్యక్షుడిగా తీసుకుందామనుకుంటున్నాను, ఆశలేమీ లేని మనిషి. డ్రిల్లు మాస్టారికి విజిలు లేకుండా మాట్లాడటం నేర్పాలి.

గడియారానికి కీ ఎవరు ఇస్తున్నారు? కుడివైపుకి పదకొండు చుట్లు. పన్నెండు అయితే తీగ తెగుతుంది.

మీ బావ

చెల్లీ, చెప్పలేదు. ముప్పయ్యో తారీఖు పొద్దున్న చెబుదామని పక్కన కూర్చున్నాను కూడా. ఆయన పలకల అంచులు వంకరగా వేశారని చెప్పడం మొదలుపెట్టాడు. వింటూ కూర్చున్నాను. ఇంటి నిండా ఎప్పుడూ క్లబ్బు గోలే కదా. ఈ నెలరోజుల్లో నన్ను నా చిన్నప్పటి సంగతులు అడిగాడు. మనం ఇద్దరం బావిగట్టు మీద పడి మోకాళ్లు కొట్టుకున్నామని చెబితే ఏ మోకాలని అడిగాడు. కాబట్టి కావాలనే చెప్పలేదేమో కూడా. నన్ను తిట్టుకో.

అక్క


జూలై 8

అక్కా, మామూలే. పైది బావకి, కిందది నీకు.

పై కాగితం:

బావగారికి, లేచి కూర్చున్నందుకు అందరం సంతోషించాం. పదకొండు చుట్లూ లెక్కపెట్టి మరీ తిప్పాను, గడియారం నడుస్తోంది. క్లబ్బు కూడా నడుస్తోంది. మిగతా విషయాలు మీరొచ్చాక. మీ మరదలు.

కింది కాగితం:

అక్కా, ఎన్నిక అయిపోయింది. మొదట బావ రాసిన ఓట్ల ప్రోగ్రాములోనే వేద్దామన్నారు. తెరిస్తే అభ్యర్థుల జాబితాలో బావ ఒక్కడే ఉన్నాడు. ఇంకొకరిని చేర్చే చోటే లేదు. వద్దు అని నొక్కినా 'మీ ఓటు అధ్యక్షుల వారికి చేరింది, ధన్యవాదాలు' అంటోంది. పందొమ్మిదేళ్లుగా ఏకగ్రీవం ఎలా అవుతోందో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ఇక లాభం లేదని పదకొండో కంప్యూటర్ డబ్బా ఖాళీ చేసి, అందులో చీటీలు వేశాం. ఆ యంత్రం ఒక పనికి వచ్చింది అదే మొదటిసారి.

ఉన్నది ఇరవై తొమ్మిది మంది. బేకరీ ఆయనకి ఎనిమిది, డ్రిల్లు మాస్టారికి ఎనిమిది. పన్నెండు చీటీల్లో 'సెక్రటరీ గారు' అని ఉంది. నేను నిలబడనే లేదు. కోర్టులో పొద్దున్నుంచి టైపు కొట్టి వచ్చి, ఇక్కడ మినిట్సు కొట్టి ఇంటికిపోయే మనిషిని, నన్నెవరు చూశారో నాకు తెలియదు. మిగిలిన ఒక్క చీటీలో 'గడియారానికి కీ ఇచ్చే ఆయనకి' అని ఉంది. అది చెల్లదన్నారు.

అలా నేను అధ్యక్షురాలినయ్యాను. బావ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కాళ్ల పొడుగుకి పెట్టుకున్న ఎత్తు కదా, నా కాళ్లు నేలకి ఆనడం లేదు. ఎత్తు మార్చరాదని కాగితముంది. దాన్ని పీకడానికి చెయ్యి రాలేదు. పాత సాఫ్ట్‌వేర్ పుస్తకాలు నాలుగు కింద వేసుకుని పాదాలు పెట్టుకుంటున్నాను.

ఇంకో సంగతి, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ రాజీనామా పొరపాటున వెళ్లలేదు. ముందురోజు ఆదివారం ప్రింటరు పని మీద వెళ్లి బావ పెట్టిన మెయిళ్ల వరస చూశాను. మూడో సోమవారానికి రాజీనామా. నాలుగో సోమవారానికి ఇంకోటి సిద్ధంగా ఉంది: 'మీ అందరి ఒత్తిడికి తలవంచి నా రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నాను' అని. ఒక్కరూ నోరు తెరవకముందే ఒత్తిడికి తల వంచేశాడు. అది చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మొదటిది వెళ్లనిచ్చాను. రెండోది తీసేశాను.

ఇప్పుడు ఆయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు.

నీ చెల్లి


జూలై 14

మరదలికి,

అక్షరాలు పెద్దగా, వంకరగా ఉంటే మన్నించు. నా చేత్తో రాస్తున్నాను. మొన్న కట్టు విప్పారు. కన్ను దక్కింది. రోజుకి ఒక్క పేజీ చదవచ్చన్నారు. మీ అక్క స్నానానికి వెళ్లింది, నీ ఉత్తరం బల్ల మీద ఉంది. రెండు కాగితాలున్నాయి. ఒక్క పేజీయే కదా అని కింది కాగితం తీసుకున్నాను.

మీ అక్కని ఏమీ అనలేదు. పలకల గురించి అంతసేపు విన్న మనిషిని ఏమనగలను. పాత ఉత్తరాల్లో తను మింగేసిన ముక్కలన్నీ నా ఎదుట కూర్చుని చదివింది. చదువుతూ ఏడ్చింది. నాకు ఏడవడం ఇంకా నిషేధం.

రాజీనామా ఎందుకు పెట్టానో చెబుతాను, నవ్వుకోకు. నాకు భయం వేసింది. ఆపరేషన్ తర్వాత చూపు వస్తుందో రాదో డాక్టరు తేల్చి చెప్పలేదు. తెర కనబడని అధ్యక్షుణ్ణి మీరు జాలిపడి భరించడం నాకిష్టం లేదు. కళ్లున్నప్పుడే ఒకసారి బతిమాలించుకుంటే, తర్వాత ఎలా వచ్చినా అది మీ కోరిక మీద ఉన్నట్టవుతుందని లెక్క వేశాను. రైలు వస్తుందన్న నమ్మకంతో ముందే జెండా ఊపేశాను.

నా ఎన్నికల ప్రోగ్రాము గురించి ఇప్పుడు మాట్లాడను. ఒకటే అడుగుతున్నాను. కోపం వచ్చిందన్నావు. నామీద నీకు అంత కోపం దేనికి? పందొమ్మిదేళ్లు నా పక్కన కూర్చున్నావు, ఒక్క మాట అనలేదే.

బావ


జూలై 18

బావగారికి,

ఈసారి ఒకటే కాగితం. కన్ను దక్కిందని చదవగానే కోర్టులో టైపు మిషన్ ముందే కూర్చుని ఏడ్చేశాను. పక్కనున్న గుమస్తా ఏ కేసమ్మా అని అడిగాడు. అది ముందు చెప్పి, తర్వాత మీతో పోట్లాడతాను.

ఒక్క మాట అనలేదన్నారు. అన్నాను. మీ రాజీనామా ఏటా టైపు చేసేది నేనే, అది మీకు తెలుసు. దాని వెంటనే సభ్యుల తరఫున ఒక విన్నపం చదువుతారు కదా, 'మీరు లేని క్లబ్బు కరెంటు లేని కంప్యూటర్ వంటిది, దయచేసి నిర్ణయం మార్చుకోండి' అని. అదీ నేనే. సభ్యులెవరూ రాయలేదు. ముందురోజే రెండూ కొట్టి, రెండూ ఒకే కవర్లో పెట్టి తెచ్చేదాన్ని. ఏడాదికోసారి నేను మిమ్మల్ని పంపించేసి నేనే వెనక్కి పిలుస్తున్నాను.

పోయినేడు వార్షిక సమావేశానికి నెల ముందు మూడో కాగితం కూడా కొట్టాను. అది నా రాజీనామా. నిజంది. అప్పటికి నా వేళ్ల కీళ్లు నొప్పి పెడుతున్నాయి, మీరు మినిట్సు మూడుసార్లు మార్పించారు. అది మీ చేతికి ఇచ్చాను. మీరు "అలాగే అలాగే" అని బల్ల మీద పెట్టారు. నెల తర్వాత వార్షిక సమావేశం ఎజెండా ప్రింటు తీశారు. నా కాపీ తిప్పి చూస్తే వెనకవైపు నా రాజీనామా ఉంది. కాగితం వృథా చేయకూడదని ఆరో నిబంధన.

అందుకే వెనక్కి తీసుకునే ఆ మెయిల్ తీసేశాను. ఒక్కసారి, ఎవరూ టైపు చేసి ఇవ్వకుండా, వాళ్లంతట వాళ్లు బతిమాలతారేమో చూద్దామనుకున్నాను. బతిమాలితే మీరు గొప్పవారని ఒప్పుకుని నోరు మూసుకుందామనుకున్నాను. సోమవారం సాయంత్రం అందరూ వచ్చారు, చదివారు, ఇక క్లబ్బు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. అంతే. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఆ మాట వినగానే మీ తరఫున నాకు అవమానంగా అనిపించింది.

చెల్లని చీటీ గురించి కింది కాగితంలో చదివే ఉంటారు. 'గడియారానికి కీ ఇచ్చే ఆయనకి.' అది నేను వేసింది.

ఆ ఎజెండా కాగితం దీంతో జతచేస్తున్నాను. వెనకవైపు తిప్పి చదవండి. రోజుకి ఒక్క పేజీయే అన్నారు కాబట్టి ఇది రేపు చదవండి.

మీ మరదలు


జూలై 25

అధ్యక్షురాలి గారికి,

నీ రాజీనామా అందింది. ఏడాది ఆలస్యంగా చదివినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నిబంధనల ప్రకారం చూస్తే, పదిహేను రోజుల్లో నువ్వు వెనక్కి తీసుకోలేదు కాబట్టి అది ఎప్పుడో ఆమోదమైపోయింది. అంటే ఏడాదిగా క్లబ్బుకి కార్యదర్శి లేదు. ఆ ఏడాదంతా మినిట్సు రాసింది, తాళం తీసింది, పదో కంప్యూటర్ ముందు అరగంట కూర్చుంది ఏ పదవీ లేని మనిషి. నేను ఈ సంగతి మీ అక్కతో అంటే, "పదవి లేకుండా చేసేవాళ్ల గురించి నాకు చెబుతున్నావా" అంది.

కరెంటు లేని కంప్యూటర్ అన్న ముక్క నాకు చాలా ఇష్టం. ఏటా అది విని రెండ్రోజులు గాలిలో తేలేవాణ్ణి. ఎవరు రాసి ఉంటారా అని ఆలోచించేవాణ్ణి, మందుల షాపాయన అనుకునేవాణ్ణి. పక్కనే కూర్చున్న నువ్వని నాకు తట్టలేదు. నాకు కంటి జబ్బు ఇప్పుడొచ్చిందని డాక్టరు అంటున్నాడు గానీ, ఆయనకి తెలియదు.

విన్నపం నాకు కంఠతా వచ్చు. ఈసారి నేను రాస్తున్నాను, ఎవరి చేతా టైపు చేయించలేదు: మీరు లేని క్లబ్బు కరెంటు లేని కంప్యూటర్ వంటిది. దయచేసి నిర్ణయం మార్చుకోండి. అధ్యక్షురాలిగానే ఉండండి.

సభ్యత్వం దరఖాస్తు జతచేశాను. మామూలు సభ్యుడిగానే. వృత్తి అన్నచోట 'గడియారానికి కీ' అని రాశాను. నన్ను తీసుకుంటే పదో కంప్యూటర్ నాకు ఇవ్వండి, నిదానంగా తెరుచుకునేదైతే కంటికి మంచిది. డ్రిల్లు మాస్టారు విజిలు వేస్తే మాత్రం నేను వినను. ఎనిమిదో తారీఖు బండికి వస్తున్నాం.

ఇంకొకటి మర్చిపోయాను. ఆ నాలుగు పుస్తకాలు తీసెయ్యి, మోకాళ్లు నొప్పి పెడతాయి. వీపు వెనక ఉన్న కాగితం పీకెయ్యి. కుర్చీ కింద కుడిచేతి వైపు ఒక మీట ఉంటుంది. కూర్చుని దాన్ని పైకి లాగితే కుర్చీ దిగుతుంది. రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనేదాకా దింపుకో.

బావ